అరువు శ్రుతి

కార్బురేటరు గురించి రాయడానికి ఈ పుటే దొరికిందా అని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. పద్యాల గురించీ పాత కథల గురించీ చదవడానికి వచ్చేవారికి పెట్రోలు వాసన రుచించకపోవచ్చు కూడా. అయినా రాస్తున్నాను. "ట్యూనింగ్" అనే మాటకు మన భాషలో అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది: శ్రుతి చేయడం. తంబురా విషయంలో మనకెవరూ చెప్పనక్కరలేని ఒక సంగతిని ఇంజను దగ్గరికి వచ్చేసరికి చాలామంది మరచిపోతున్నారు. ఎవరి గొంతుకు తగిన శ్రుతి వారిది. పక్కవారి శ్రుతి బాగుందని అందులో పాడబోతే పై పంచమం దగ్గరే గొంతు చిరుగుతుంది.

ఇసుక, బురద, రాళ్ళు, కొండవాలు అని చూడకుండా నాలుగు లావుపాటి టైర్ల మీద పోయే ఎటీవీ బండ్లు ఉత్తర అమెరికాలో విరివిగా కనబడతాయి. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు కొందరు పాత బండ్లను చవకగా కొని, సెలవురోజుల్లో విప్పి బాగుచేసుకోవడం నాకు తెలుసు. చేతులకు నల్లమరక అంటించుకోవడం ఇష్టపడేవారంటే నాకు గౌరవం. అయితే వీరి మాటల్లో తరచు వినబడే ప్రశ్న ఒకటుంది: "నీ బండిలో మెయిన్ జెట్టు నంబరెంత?" సమాధానం రాగానే అదే నంబరు జెట్టు తెప్పించి బిగించేస్తారు. ఈ అలవాటు నిష్ప్రయోజనమే కాదు, ప్రమాదకరం కూడా అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా కార్బురేటరు చేసే పనేమిటో చూద్దాం. హంగరీలో డొనాట్ బాంకీ, యానోష్ చోంకా, జర్మనీలో విల్హెల్మ్ మైబాక్ 1893లోనే ఈ పరికరానికి నేటి రూపపు పునాది వేశారు. నడుము సన్నగా ఉన్న ఒక గొట్టం గుండా ఇంజను గాలిని పీల్చుకుంటుంది. నడుము దగ్గర గాలి వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలే కింద ఫ్లోటు గిన్నెలో ఉన్న పెట్రోలును సన్నని రంధ్రం గుండా పైకి లాగి తుంపరగా గాలిలో కలుపుతుంది. ఆ రంధ్రమున్న ఇత్తడి ముక్కే జెట్టు. ఇందులో కంప్యూటరు లేదు, విద్యుత్తు లేదు. గాలి తన పెట్రోలును తానే కొలుచుకుంటుంది.

ఆ కొలతలో ఎక్కువ తక్కువలకు మజ్జిగ మాటలే సరిపోతాయి. పెట్రోలు పాలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం, తక్కువైతే పలుచని మిశ్రమం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గరిష్ఠ శక్తి రావాలంటే దానికన్నా కొంచెం చిక్కగా, 12.5 నుంచి 13 గ్రాముల గాలి చొప్పున ఉండాలి. అంతకన్నా చిక్కబడితే శక్తి తగ్గి మసి పెరుగుతుంది. పలుచబడితే వేడి పెరుగుతుంది. కాబట్టి "జెట్టు పెద్దదైతే శక్తి పెరుగుతుంది" అన్న నమ్మకం సగం కూడా నిజం కాదు. శక్తిని ఇచ్చేది లోపలికి వెళ్ళే గాలి. పెట్రోలు ఆ గాలికి తగినంత ఉండాలి, అంతే. సైలెన్సరు మార్చి, గాలిపెట్టె మూత తీసేసి, ఇంజనుకు ఎక్కువ గాలి అందే ఏర్పాటు చేసినవారికి పెద్ద జెట్టు అవసరమవుతుంది. ఏమీ మార్చకుండా జెట్టు ఒక్కటే పెంచినవారు సాధారణంగా పెట్రోలును మసిగా మారుస్తున్నారు.

సాధారణంగా అన్నాను గనుక ఎదుటి వాదనకు కూడా న్యాయం చేయాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఇటువంటి బండ్ల పొగ మీద 2002లో నియమాలు ప్రకటించింది. అవి 2006 మోడళ్ళతో మొదలై దశలవారీగా అమలయ్యాయి. పొగ తగ్గించడం కోసం కొన్ని బండ్లు కర్మాగారం నుంచే కాస్త పలుచని మిశ్రమంతో వచ్చాయి. అటువంటి బండిని ఒక మెట్టు చిక్కబరిస్తే చల్లటి ఉదయాన త్వరగా అందుకుంటుందన్న మాటలో నిజముంది. ఐతే ధ్రువీకరణ పొందిన బండిలో ఆ అమరికలను మార్చడానికి అక్కడి చట్టం ఒప్పుకోదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. ఆ బండికి ఒక మెట్టు చాలిందని మరో బండికి రెండు మెట్లు వేయడం మాత్రం ఏ తర్కానికీ నిలవదు.

ఇక నంబరు దగ్గరికి వద్దాం. జెట్టు మీద చెక్కిన అంకె అన్నిచోట్లా ఒకే కొలత కాదు. కైహిన్ జెట్ల మీది అంకె రంధ్రపు వ్యాసాన్ని సూచిస్తుంది. మికూని వారి పెద్ద షడ్భుజి జెట్ల మీది అంకె వాటి గుండా పారే ఇంధనపు పరిమాణాన్ని సూచిస్తుంది. రెండింటి మీదా 150 అని ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. తులానికీ తవ్వకూ పోలిక పెట్టినట్టుంటుంది. పైగా మెయిన్ జెట్టు మొత్తం కథలో ఒక అధ్యాయమే. యాక్సిలరేటరు మూసి ఉన్నప్పటి నుంచి పావువంతు దాకా పైలట్ జెట్టూ, దాని స్క్రూ రాజ్యం. పావువంతు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే సూదిది పెత్తనం. ముప్పావు దాటిన తరువాతే మెయిన్ జెట్టు పూర్తిగా రంగంలోకి దిగుతుంది. ఈ హద్దులు గోడలు కావు, ఒకదానిలోకి ఒకటి కలుస్తుంటాయి. అడవి దారిలో తీరిగ్గా తిరిగే మనిషి రోజంతా సగం యాక్సిలరేటరు కూడా దాటకపోవచ్చు. అతనికి మెయిన్ జెట్టు మార్చడం వల్ల ఒరిగేది చాలా స్వల్పం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎత్తు. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగులకూ గాలి సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. డెన్వరు నగరం 5,280 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి గాలి సముద్రపుటొడ్డు గాలికన్నా 15 శాతం పలుచన. ఇంజనులోకి వెళ్ళే గాలి బరువు ఆ మేరకు తగ్గుతుంది. జెట్టు గుండా వచ్చే పెట్రోలు మాత్రం అంత తగ్గదు. అది సాంద్రతను కాక, సాంద్రత వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అందుచేత గాలి 15 శాతం తగ్గినచోట పెట్రోలు 8 శాతమే తగ్గి, మిశ్రమం చిక్కబడుతుంది. కొండమీద బండి నల్లపొగ వదులుతూ మూలగడానికి కారణమిదే. అక్కడ జెట్టు తగ్గించాలి. తగ్గించినా సముద్రతీరపు శక్తి మొత్తం తిరిగిరాదు, మిశ్రమం చెడినందువల్ల పోయిన భాగం మాత్రమే వస్తుంది. లేని గాలిని ఏ జెట్టూ పుట్టించలేదు.

దీన్ని తిరగేసి చూడండి. కొండమీద శ్రుతి చేసిన బండిని కిందికి దింపితే ఏమవుతుంది? డెన్వరులో ఉండే ఒక మిత్రుడు కొన్నేళ్ళ క్రితం పాత యమహా బాన్షీ కొన్నాడు. 1987 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్ముడైన, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు ఉన్న టూ స్ట్రోకు బండి అది. అమ్మినాయన దాన్ని పదివేల అడుగుల కొండదారులకు తగినట్టు చిన్న జెట్లతో అమర్చుకున్నాడు. ఆ అమరిక అక్కడికి సరైనదే. మా మిత్రుడు చలికాలం సెలవుల్లో ఆ బండిని ట్రెయిలరు మీద కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక దిబ్బలకు తీసుకువెళ్ళాడు. అది సముద్రమట్టానికి కొద్ది వందల అడుగుల ఎత్తులోనే ఉన్న ఎడారి. ఆ మర్నాడు ఫోనులో అతను చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అన్నా, బండి ఎన్నడూ లేనంత ఊపుగా లాగింది. కింది గాలి బాగా పట్టిందని సంబరపడ్డాను. మూడో దిబ్బ ఎక్కుతుంటే వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి."

ఇంజను పట్టేసింది. చిక్కదనం పోయి, గరిష్ఠ శక్తినిచ్చే చోటును దాటి, పలుచనలోకి జారే దారిలో ఇంజను కాసేపు ఎంతో హుషారుగా ఉంటుంది. ఆ హుషారే మోసం. ఆ టూ స్ట్రోకు ఇంజనుకు నూనె అందేది పెట్రోలులో కలిపే. కనుక పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది. ఒకపక్క వేడి పెరిగింది, మరోపక్క జారుడు తగ్గింది. ఇసుకలో ఆగకుండా పూర్తి యాక్సిలరేటరు మీద లాగిన బరువు తోడయింది. ఉబ్బిన పిస్టను సిలిండరు గోడకు పట్టేసింది. క్లచ్చు చప్పున నొక్కాడు గనుక మనిషికి ఏమీ కాలేదు. వాలు మీద నాలుగు చక్రాల బండి పక్కకు దొర్లి మనిషి మీద పడడం ఎంతసేపటి పని? "అరువు సొమ్ము బరువు చేటు" అని మన పెద్దలు నగల గురించి అన్నారు గాని, అరువు జెట్లకు కూడా ఆ మాట వర్తిస్తుంది.

మరి ఏం చేయాలి? నేను సరైనదని నమ్మే వరస ఇది.

మొదటిది, కార్బురేటరు జోలికి పోకముందే తక్కినవన్నీ సరిచూసుకోవాలి. గాలి ఫిల్టరు శుభ్రంగా ఉందా? కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు పగిలి దొంగగాలి పీలుస్తోందా? ఫోర్ స్ట్రోకైతే వాల్వుల సందు సరిగా ఉందా? చోకు పూర్తిగా మూసుకుంటోందా? ఫ్లోటు ఎత్తు సరిగా ఉందా? పెట్రోలు తాజాదేనా? నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి పైలట్ జెట్టు సన్నని రంధ్రాన్ని పూడ్చేస్తుంది. "పికప్ లేదు" అని జెట్టు మార్చినవారిలో ఎంతమందికి నిజంగా కావలసింది శుభ్రం చేయడమేనో!

రెండోది ఎటీవీకి ప్రత్యేకమైనది. ఫ్లోటు గిన్నె ఊపిరి తీసుకోవడానికి సన్నని గొట్టాలుంటాయి. వాగు దాటుతున్నప్పుడు వాటి చివరలన్నీ నీటిలో మునిగితే గిన్నెలోకి గాలి రాదు, గాలి రానిదే పెట్రోలు కదలదు, ఇంజను నడివాగులో ఆగిపోతుంది. ఏటవాలులో గిన్నెలోని పెట్రోలు ఒక పక్కకు ఒరిగి మిశ్రమాన్ని మారుస్తుంది. చదునునేల మీద బాగుండి వాలు మీద మాత్రమే ఇబ్బంది పెట్టే బండిలో తప్పు జెట్టుది కాకపోవచ్చు.

మూడోది, ఇంజను బాగా వేడెక్కాక, రోజూ తిరిగే ఎత్తులోనే, రోజూ పోసే పెట్రోలుతోనే పరీక్షించాలి. ఎటీవీలో చాలావాటికి యాక్సిలరేటరు బొటనవేలితో నొక్కే మీటగా ఉంటుంది. దాని పక్కన పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే ఏ గుర్తు దగ్గర బండి తడబడుతోందో తెలుస్తుంది. ఏ భాగాన్ని ముట్టుకోవాలో ఆ గుర్తే చెబుతుంది.

నాలుగోది క్రమం. పైనుంచి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఇంజనును కాల్చే తప్పు జరిగేది అక్కడే గనుక. మెయిన్ జెట్టును కావాలనే చిక్కని వైపు ఉంచి, ఒక్కొక్క మెట్టు దిగుతూ రావాలి. కొత్త ప్లగ్గు వేసి, పూర్తి యాక్సిలరేటరు మీద నడిపి, అక్కడికక్కడే క్లచ్చు నొక్కి ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. నల్లని మసి ఉంటే చిక్కన, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలుచన, లేత గోధుమరంగైతే సరి. మా మిత్రుడు మొదటి దిబ్బ దిగిన తరువాత ఈ ఒక్క పని చేసి ఉంటే మూడో దిబ్బ ఎక్కేవాడు కాడు. తరువాత పైలట్ స్క్రూ. అది ఫిల్టరు వైపు ఉంటే గాలి స్క్రూ, లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. ఈ తేడా తెలియక తలకిందులుగా తిప్పేవారు చాలామంది. చివరకు సూది. క్లిప్పును ఒక గాడి కిందికి మారిస్తే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. ప్రతిసారీ ఒక్క మార్పే చేయాలి, చేసినదాన్ని తేదీతో, ఆనాటి వాతావరణంతో సహా పుస్తకంలో రాసుకోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడికి మేలు జరిగినా, కీడు జరిగినా కారణం తెలియదు.

ఈ వరసలో చివరికి ఒక నంబరు తేలుతుంది. అది పక్కవాడి నంబరే కూడా కావచ్చు. అప్పుడది మీ సొంతం, ఎందుకు సరిపోయిందో మీకు తెలుసు గనుక. రేపు ఎత్తు మారినప్పుడు ఎటు కదలాలో కూడా తెలుస్తుంది. అరువు తెచ్చుకున్న నంబరుతో ఆ తెలివి రాదు.

కార్బురేటరు కాలమే చెల్లిపోయింది కదా, ఇప్పుడీ చాదస్తమెందుకని అడగవచ్చు. నిజమే. సుజుకి 2006లోనే తన పోటీ ఎటీవీకి ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టింది. నేటి పెద్ద ఎటీవీల్లో అదే మామూలు. ఎత్తును, ఉష్ణోగ్రతను ఆ యంత్రం తానే కొలుచుకుని పెట్రోలు పోస్తుంది. పనితీరులో అదే మెరుగని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. భారతదేశంలో కూడా 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో కొత్త ద్విచక్ర వాహనాల్లో కార్బురేటరు దాదాపుగా కనుమరుగైంది. కాని పాత బండ్లు పోలేదు. మన ఊళ్ళ సంతల దగ్గర, పొలం గట్ల మీద నిలబెట్టి ఉన్నవాటిని ఒకసారి లెక్కపెట్టి చూడండి.

వాటి కింద నేల కదలకపోయినా, వాటిలో పోసే పెట్రోలు మారింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. ఇథనాలులో ఆమ్లజని ముందే ఉంటుంది గనుక దానికి కావలసిన గాలి తక్కువ. స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 పాళ్ళు కావలసినచోట ఈ మిశ్రమానికి 13.5 పాళ్ళే చాలు. అంటే, అదే జెట్టుతో, అదే గాలితో, స్వచ్ఛమైన పెట్రోలుకు అమర్చిన ఇంజను సుమారు ఏడెనిమిది శాతం పలుచబడింది. డెన్వరులో శ్రుతి చేసిన బండిని సముద్రపుటొడ్డుకు దింపితే ఎంత తేడా వస్తుందో దాదాపు అంతే తేడా, ఊరు కదలకుండానే వచ్చింది. పాత బండి పొద్దున్నే సతాయిస్తోందని, వేడెక్కుతోందని చెప్పేవారి ఫిర్యాదులన్నిటికీ ఇదే కారణమనడం లేదు. చూడవలసిన కారణాల్లో ఇదొకటి అంటున్నాను. పదేళ్ళ క్రితం సరిపోయిన అమరిక ఇవాళ కూడా సరిపోతుందనుకోవడం, మన నిన్నటి బండి నుంచే అరువు తెచ్చుకోవడమవుతుంది.

మన మెకానిక్కులకు ఈ విద్య పుస్తకాలతో పని లేకుండానే అబ్బింది. బండిని ఒకసారి రేజు చేసి, తల పక్కకు వంచి విని, "ప్లగ్గు నల్లబడింది", "పెట్రోలు ఓవరవుతోంది", "గాలి లాగుతోంది" అని చెప్పగలిగిన వారున్నారు. వారి దగ్గర నంబరు అడిగితే నవ్వుతారు. బండి తీసుకురమ్మంటారు. ఆ జవాబులో ఉన్న శాస్త్రీయత, నంబర్ల పట్టికలు పట్టుకు తిరిగే మనలో చాలామందికి లేదు. ఆ చెవి వారితోనే పోకుండా, వారి మాటల్లోనే, తెలుగులోనే, ఎవరైనా కూర్చుని రాసిపెడితే బాగుండునని నా కోరిక. పలుచన, చిక్కన, దొంగగాలి, పట్టేయడం లాంటి మాటలు ఉండగా ఈ విషయం తెలుగులో చెప్పలేమని ఎవరనగలరు?

మీ ఊళ్ళో, మీ మెకానిక్కు నోట వినిపించే ఇలాంటి మాటలు ఏవైనా ఉంటే తెలియజేయండి. జెట్టు నంబర్లు మాత్రం అడగకండి, చెప్పను.